ఎడమచేతి మాట

మా ఇంట్లో అందరం ఎడమచేత్తో మాట్లాడుకుంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలకు ఇది నచ్చదు. పెద్దవాళ్ళకు ఎడమచెయ్యి చూపడమేమిటని ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. నాకు మాట్లాడే అలవాటు తక్కువ. పొద్దున ఒక తాటిచెట్టు మీద, సాయంత్రం ఇంకో తాటిచెట్టు మీద కల్లు గీస్తూ బతికినవాడికి మాటలతో పనేముంటుంది? ఈ అలవాటు మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మాత్రం సకల జనుల సమ్మె కాలం చెప్పాలి. రెండువేల పదకొండు. బతుకమ్మకు ముందూ వెనకా కలిపి నలభై రెండు రోజులు.

నా బిడ్డ స్వరూపకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. బడి ఆమెను నాలుగు నెలలకే ఇంటికి పంపింది కాబట్టి చదవడమూ రాదు. ఉన్నది చేతుల మాట. అది ఎవరూ నేర్పింది కాదు. ఆమె, నేను, నా భార్య లచ్చవ్వ ఏండ్ల తరబడి కలిసి అల్లుకున్నది. నడుముకు చెట్టెక్కే మోకు చుట్టుకున్నట్టు చూపితే నేను. నుదుట పెద్ద బొట్టు చూపితే లచ్చవ్వ. రెండు అరచేతులు వాలుగా ఆనించి కప్పులాగా చేస్తే ఇల్లు. మహిపాల్ ఆమెను చేసుకున్నాక ఒక్క వానాకాలంలో ఆ మాట మొత్తం నేర్చుకున్నాడు. మాకు లేని మాటలు కూడా కొన్ని కలిపాడు. వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చేతులతో కొట్లాడుకుంటుంటే వాడకట్టు ఆడవాళ్ళు బిందెలు దించి చూసేవాళ్ళు.

మహిపాల్ దుబాయి పోయేనాటికి వాళ్ళ కూతురు సింధు ఏడాదిన్నర పిల్ల. సమ్మె నాటికి అయిదేండ్లది. సింధుకు చెవులూ నోరూ బాగున్నాయి. చేతులు వాళ్ళమ్మవి. ఎవరు ఏమన్నా ఆ పిల్ల చేతులు వాటంతటవే కదిలి వాళ్ళమ్మకు చెప్పేస్తాయి. అంతకుముందు మా ఇంట్లో స్వరూప ముందు మాట దాచే అలవాటు లేదు. ఆమె ముందే ఆమె పెళ్ళి గురించి, ఆమె లోపం గురించి ఎవరికి తోచింది వాళ్ళు గట్టిగా అనుకునేవాళ్ళం, నేనూ అన్నాను. ఆమె మా నోళ్ళవైపు చూస్తూ బియ్యం ఏరుకునేది. సింధుకు మాటలు వచ్చిన తరువాతనే మేం నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాం.

మహిపాల్ వారానికోసారి ఫోను చేసేవాడు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అతను పంపిన చిన్న టచ్ ఫోను. మోగితే సింధు ఎత్తుతుంది, స్పీకరు పెడుతుంది, లచ్చవ్వ వంటింట్లోంచి అరిచి మాట్లాడుతుంది. కానీ భార్యాభర్తల మాట ఫోనులో నడవదు కదా. అందుకు వాళ్ళు కార్డులు పెట్టుకున్నారు. అతను తనను తాను వీడియో తీసుకునేవాడు. ఎడమచేత్తో ఫోను ముందు పట్టుకుని కుడిచేత్తో మాట్లాడేవాడు. సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ళెవరో సబ్బులతో, అత్తరు సీసాలతో పాటు ఆ మెమరీ కార్డును తెచ్చి ఇచ్చేవాళ్ళు. చిటికెన వేలి గోరంత ఉంటుంది. స్వరూప దాన్ని ఫోనులో వేసుకుని ఆరునెలలు చూసేది. అట్లా రెండు వచ్చాయి.

మూడోది సమ్మె మొదలైన వారానికి వచ్చింది. మహిపాల్ గదిలోనే ఉండే ఆమిర్ తెచ్చాడు, కోరుట్ల అతను. ఇది నా కొత్త ఫోనులో తీసింది, మీ ఫోనులో ఆడకపోవచ్చు, ఆడకుంటే కోరుట్లలో మా తమ్ముడు నౌషాద్ షాపుకు పోండి, వాడు చేసి పెడతాడు అన్నాడు. ఇంకేదో చెప్పబోయినట్టు నావైపు చూశాడు. లచ్చవ్వ చాయ్ తెచ్చింది. చాయ్ తాగి, అత్తగారింటికి సిరిసిల్ల పోయాడు. మరునాటి నుంచి బస్సులు బందైనాయి. అతను అక్కడే ఆగిపోయాడు.

కార్డు ఆడలేదు. తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు పడి నల్లగా ఉండిపోయేది. స్వరూప కార్డు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ వేసేది. ఆమెకు కావలసింది ఒక్కటే సంగతి. ఆ ఏడు పసుపు తవ్వే నాటికి వస్తానని మహిపాల్ మాట ఇచ్చి ఉన్నాడు. వస్తున్నాడా, లేదా? ఫోనులో లచ్చవ్వ అడిగితే, కార్డులో చెప్పిన అత్తమ్మా, స్వరూపకే చెప్పిన, అన్నాడు. ఆ తరువాత ఫోన్లు తగ్గించాడు.

పక్కింటి వెంకటవ్వ మా అరుగు మీద కూర్చుని మొక్కజొన్న వొలుస్తూ అన్నది.

"వాడు రాడు పో. మాట రాని దానికాడికి ఏం జూసి వస్తడు?"

సింధు చేతులు ఆ మాటను ఒక్క ముక్క విడవకుండా వాళ్ళమ్మకు చేరవేశాయి. స్వరూప వెంకటవ్వను చూసి నవ్వింది. చేతిలోని కంకి పూర్తిగా వొలిచింది. లేచి లోపలికి పోయి మళ్ళీ కార్డు తుడిచింది. తరువాత కార్డునూ ఫోనునూ తెచ్చి నా అరచేతిలో పెట్టి, సైకిలు వైపు చూసింది.

మా ఊరు ఇబ్రహీంపట్నం మండలం. కోరుట్ల సైకిలు మీద రెండు గంటలకు పైనే. దారిలో మెట్‌పల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. నడిరోడ్డున పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. తినకుండా పోనీయలేదు. పప్పూ అన్నం తిని, జై తెలంగాణ అనిపించుకుని వదిలారు. నేను అన్నంత మెల్లగా ఆ రోజు ఎవరూ అని ఉండరు. ఆ కాలమంతా గొంతుల కాలం. మైకులు, డప్పులు, ట్రాక్టర్ల మీద పాటలు. వినపడనివాళ్ళు కూడా ఆ రోజుల్లో ఉన్నారని నాకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

నౌషాద్ షాపు సగం షట్టరు దించి ఉంది. వంగి లోపలికి పోతే కంప్యూటరు ముందు నలుగురైదుగురు కార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరికీ ఉద్యమ పాటలు కావాలి. నౌషాద్ పాతికేండ్ల మనిషి. ఒక కంటితో కంప్యూటరునూ ఒక కంటితో బజారునూ చూస్తాడు. నా వంతు వచ్చాక ఫోనుకు తీగ తగిలించి, కార్డు తెరిచి, తల ఊపాడు.

"గీ వీడియో వేరే భాషల ఉన్నది కాక. మీ ఫోనుకు గా భాష రాదు."

"నేర్పరాదా?"

నవ్వాడు. నేర్పొచ్చునట. అందుకు ఇంకో యాప్ ఎక్కించాలి. ఎక్కించడానికి ఫోను లోపల జాగ లేదు, ఉన్నదంతా నిండి ఉంది. కార్డును కంప్యూటరులో పెట్టి చేనులాగా రెండు మడులు చేస్తాను అన్నాడు. ఒక మడిలో యాప్‌లు ఉంటాయి, ఒక మడిలో వీడియోలు ఉంటాయి. ఫోను లోపలి బరువంతా కార్డు మీదికి దిగుతుంది. కానీ మడులు చేసేటప్పుడు కార్డు మీద ఉన్నదంతా తుడిచిపోతుంది. కాబట్టి ముందు మహిపాల్ వీడియోను కంప్యూటరులోకి తీసిపెట్టుకోవాలి.

తుడిచిపోవడం అన్న మాటకు నేను తెర దగ్గరికి జరిగాను. వీడియో కంప్యూటరులోకి పోతున్నంతసేపూ తెర మీద పచ్చటి గీత సాగడాన్ని, లొట్టిలోకి కల్లు చుక్క దిగడాన్ని చూసినట్టు చూశాను. గీత చివరికి చేరింది. నౌషాద్ దాన్ని ఒక సంచిలాంటి బొమ్మలో వేసి, దాని కింద నా పేరు కొట్టాడు. భూమన్న. నా పేరు కంప్యూటరులో ఉండడం అదే మొదటిసారి.

మడులు అయ్యాయి, యాప్ ఎక్కింది, వీడియో తెరుచుకుంది. మహిపాల్ మొహం కనపడింది. కానీ చెయ్యి ఇక్కడ ఆగి, ఉన్నట్టుండి అక్కడ తేలుతోంది. మధ్యలో ఏమన్నాడో లేదు. ఫోను చిన్నది, ఇంత పెద్ద వీడియోను లాగలేదు, భాష వచ్చినా బలం లేదు అన్నాడు నౌషాద్. కంప్యూటరులో దీన్ని చిన్నగా మార్చాలట. ఇరవై రెండు నిమిషాల వీడియోకు రెండు గంటలు పడుతుంది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నందుకు కరెంటు ఒక్కసారికి గంటన్నర కంటే ఎక్కువ ఉండడం అరుదు. మధ్యలో పోతే మళ్ళీ మొదటి నుంచి.

ఆ రోజు మధ్యలోనే కరెంటు పోయింది. రెండు రోజుల తరువాత మళ్ళీ పోయాను. ఇంకో పది నిమిషాలుందనగా పోయింది. చీకటి షాపులో నౌషాద్ కుర్చీలో వెనక్కి వాలి, తెలంగాణ వచ్చేలోపు మీ అల్లుని వీడియో వస్తదో లేదో కాక, అన్నాడు. నేను బీడీ ముట్టించుకుని బయట కూర్చున్నాను.

మూడోసారి పోయేసరికి అయిపోయి ఉంది. నౌషాద్ తెల్లవారుజామున కరెంటు వచ్చినప్పుడు లేచి చేసిపెట్టాడట. ఫోనులో వేసి చూపించాడు. ఎక్కడా ఆగకుండా ఆడింది. కానీ మొహం నీళ్ళలో మొహంలా ఉంది. చెయ్యి కదిలితే వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దవుతున్నాయి. ధ్వని మాత్రం పక్కన కూర్చున్నట్టు ఉంది. గదిలో ఫ్యాను తిరగడం కూడా తెలుస్తోంది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపమన్నాను.

"వేళ్ళు కనపడుతలేవు."

"ఇంత చిన్న తెర మీద ఇంతకంటే రాదు కాక. మాట ఇనుండ్రి, ఎంత సాఫ్ ఉందో."

"మాటెందుకు? నా బిడ్డకు ఇనపడదు. వేళ్ళే మాట."

నౌషాద్ నావైపు తిరిగాడు. అప్పటిదాకా అతనికి ఆ సంగతి తెలియదు. షాపుకు వచ్చేవాళ్ళందరికీ కావలసింది పాట కాబట్టి ధ్వనికి ఎక్కువ జాగ ఇచ్చి, బొమ్మను పిండి పెట్టడం అతనికి అలవాటు.

"ఊరంత సౌండ్ పెంచుమంటున్నరు. మీరొక్కరే వద్దన్నరు," అన్నాడు. "సౌండ్ మొత్తం తీసేస్త. గా జాగంత బొమ్మకిస్త. అప్పుడు వేళ్ళు వస్తయి."

తీసే ముందు అసలు వీడియోను ఒకసారి కంప్యూటరులో నడిపించాడు. పెద్ద తెర మీద మహిపాల్ కూర్చున్నాడు. వెనక రేకు బీరువా, దాని మీద ఒక చొక్కా. ఈసారి ఫోను చేత్తో పట్టుకోలేదు, దేనికో ఆనించి పెట్టాడు. రెండు చేతులూ ఖాళీయే. అయినా మాట్లాడుతున్నది ఒక్క చెయ్యి. ఎడమది. కుడిచెయ్యి బల్ల కింద ఉంది. నేను చేతులు చూసి బతికినవాణ్ణి. మోకూ ముస్తాదూ కట్టుకున్న మనిషి చెట్టు మీద ఏ చెయ్యి ఎక్కడ పెట్టాడో కింది నుంచే చెప్పగలను. బల్ల కింది చెయ్యి ఊరికే అక్కడ లేదు.

ఎడమచెయ్యి తడబడుతూ చెబుతోంది. నేను బాగున్నాను. తిండి బాగుంది. కంపెనీ కొత్త పని ఇచ్చింది. పసుపు నాటికి రాలేను. ఇంకో రెండేండ్లు ఉంటాను. ఇల్లు అనవలసిన చోట ఒక్క అరచేతిని వాలుగా పెట్టి గబుక్కున దించేశాడు. సగం కప్పు. దానికి ఆనించేది లేదు.

తరువాత చెయ్యి ఆగింది. పెదవులు కదిలాయి. మామా, అన్నాడు. నౌషాద్ చప్పున ఆపి, ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"మీకు చెప్తున్నట్టున్నడు కాక. మీరే ఇనుండ్రి," అని లేచి షట్టరు దగ్గరికి పోయి బజారు చూస్తూ నిలబడ్డాడు.

నా చెవుల్లో మహిపాల్ గొంతు పడింది.

"మామా, నువ్వొక్కనివే ఇను. ఫోన్ల చెప్దామంటే సింధు ఎత్తుతది. కటింగ్ మిషన్ల పడ్డది. కుడిచెయ్యి నాలుగు వేళ్ళు పోయినయ్. బొటనవేలున్నది. మానింది, నొప్పి లేదు. స్వరూపకు చెప్పకు. నేను గా చేత్తోనే గదా మాట్లాడేది. వచ్చి ఏం మాట్లాడాలె మామా దానితోని? వాచ్‌మన్ పని ఇస్తమన్నరు, ఈడనే ఉంట. ఇంటికి పోయేలోపు గీ మాట తీసెయ్యమను. నౌషాద్‌కు ఆమిర్ చెప్తనన్నడు."

ఆమిర్ సిరిసిల్లలో ఉన్నాడు, నౌషాద్‌కు ఏమీ చెప్పినట్టు లేదు. నేను ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. ఇందాకటి వీడియో కొంచెం బాగా వచ్చి ఉంటే, ధ్వనితో సహా ఇంటికి పట్టుకుపోయి సింధు ముందు పెట్టేవాణ్ణి.

నౌషాద్ వచ్చి కూర్చున్నాడు. కంప్యూటరు ఎలుక మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"తీసెయ్యాల్నా కాక?"

"తీసెయ్," అన్నాను.

ఇద్దరం జాగ గురించే మాట్లాడుకున్నట్టు ఉన్నాం.

ఆ రోజు కరెంటు రెండు గంటల మీద పదిహేను నిమిషాలు ఉంది. వేళ్ళు వచ్చాయి. ఒక్కొక్క గోరు కనపడింది.

ఇంట్లో స్వరూప అరుగు మీద కూర్చుని చూసింది. సింధు ఆమె ఒళ్ళో కూర్చుంది. లచ్చవ్వ వెనక నిలబడి, సప్పుడు రాదేంది, అన్నది. జాగ చాలలేదు, తీసేయించిన, అన్నాను. లచ్చవ్వ అల్లుడి మొహం చూసి, చిక్కిపోయిండని కొంగు కళ్ళకు అద్దుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

స్వరూప ముందు నవ్వింది. తరువాత రెండేండ్లు అన్న చోట నవ్వు ఆగింది. వీడియోను వెనక్కి తిప్పి అదే చోటు మళ్ళీ చూసింది. మూడోసారి చూస్తున్నప్పుడు ఆమె చూపు వేళ్ళ మీద లేదు. బల్ల అంచు మీద ఉంది. వీడియో సాగింది. చెయ్యి ఆగి పెదవులు కదిలే చోటు వచ్చింది. సింధును తట్టి, నాన్న ఏమంటున్నాడని అడిగింది. సింధు ఫోనును చెవి దగ్గర పెట్టుకుంది, ఊపింది, మళ్ళీ పెట్టుకుంది. వినపడడం లేదు, అని చేతులు విప్పింది.

స్వరూప తల ఎత్తి నన్ను చూసింది. నడుముకు మోకు చుట్టింది. అంటే, నువ్వు. తరువాత పెదవుల మీద వేలు పెట్టింది. ఇక్కడ ఏమన్నాడు?

చెట్ల గురించి అడిగాడు, అని చేతులతో చెప్పాను. కల్లు ఎట్లా దిగుతోందని.

నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడి ఉంటాను. చేతులతో ఆమెకు ఆడింది అదొక్కటే. ఆమె కొంచెంసేపు నా చేతులనే చూసింది. మళ్ళీ అడగలేదు.

బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు బతుకమ్మలు రోడ్ల మీదికి కూడా వచ్చాయి. ఆడవాళ్ళు రాస్తారోకో చేస్తూనే ఆడుతున్నారు. సద్దుల బతుకమ్మ నాడు నేను పొద్దున్నే పోయి గునుగు, తంగేడు కోసుకొచ్చి అరుగు మీద పోశాను. స్వరూప తాంబాళం ముందు పెట్టుకుని పేర్చడం మొదలుపెట్టింది. నేను చెట్లకు పోవడానికి మోకు సర్దుకుంటూ చూశాను. ఆమె కుడిచెయ్యి కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచేత్తో పేరుస్తోంది. పువ్వు జారిపోతోంది. మళ్ళీ పెడుతోంది.

లచ్చవ్వ చూసింది.

"ఎడమచేత్తోని పేర్చుతరానే బతుకమ్మను? తల్లికి కోపమొస్తది. కుడిచెయ్యికేమయింది?"

సింధు ఆ మాట చెప్పింది. స్వరూప ఎడమచేత్తోనే వాళ్ళమ్మకు జవాబు ఇచ్చింది, ఊరుకొమ్మని. లచ్చవ్వ మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి చూపడం మా ఇంట్లో అదే మొదలు. తల్లికి ఎడమచెయ్యి చూపెడుతున్నవా అని రెండు దెబ్బలు వేయడానికి లేచి, పండుగ నాడు కదా అని కూర్చుంది. మొగుడు రానన్న కోపం మా మీద తీస్తోందని నాతో అన్నది. నేను మోకు భుజాన వేసుకుని బయటికి నడిచాను.

ఆ సాయంత్రం బతుకమ్మ కొంచెం ఒరిగే ఉంది. తరువాత కూడా ఆమె మానలేదు. అన్నం కలపడం తప్ప అన్ని పనులకూ ఎడమచెయ్యే. నీళ్ళు తోడడం, సింధుకు జడ వెయ్యడం. జడ వేయడానికి ఒక చెయ్యి చాలదు. పాయ ఒకటి పళ్ళతో పట్టుకునేది. ముఖ్యంగా మాట. రెండు చేతుల మాటలన్నీ ఒక్కొక్కటిగా తీసి, ఒంటిచేత్తో ఎట్లా అనవచ్చో చూసుకునేది. పెండ్లి అంటే ముందు రెండు చేతులు కలిపేవాళ్ళం. ఇప్పుడు మెడ మీద మూడుసార్లు వేలు తిప్పింది. వాన అంటే ఒక్క చేతి వేళ్ళు చాలాయి. సింధుకు ఇదొక ఆట. రెండు రోజుల్లో పట్టేసింది. నేను దూరం నుంచి చూస్తున్నాను. స్వరూప నన్ను ఏదీ అడగడం లేదు. నాకు ఏదీ చెప్పడం లేదు. చెట్టు మీద కత్తి పట్టినప్పుడల్లా నా కుడిచేతి నాలుగు వేళ్ళనూ చూసుకుంటున్నాను.

దసరా పోయిన పదిరోజులకు బస్సులు తిరిగాయి. ఆ రోజే స్వరూప తల దువ్వుకుని, సింధుకు గౌను వేసి, ఫోను జాకెట్లో పెట్టుకుని నా ముందు నిలబడింది. ఎడమచేత్తో కోరుట్ల అన్నది. తరువాత, కంప్యూటరు దగ్గరికి, అన్నది. నేను వీడియో తెచ్చిన రోజు, పెద్దది అక్కడే ఉందని నా చేతులతో నేనే చెప్పాను. ఆమె ఏదీ మరిచిపోదు.

నౌషాద్ ఆమెను చూసి లేచి స్టూలు వేశాడు. ఆమె కంప్యూటరు వైపు వేలు చూపి, తరువాత చెవి తాకి చూపింది. నౌషాద్‌కు చేతుల మాట రాదు. అయినా అర్థమైంది. నావైపు చూశాడు.

"ఉన్నదా?" అన్నాను.

"మీ పేరు మీదనే ఉన్నది కాక. తీసెయ్యబుద్ధి కాలే."

పెద్ద తెర మీద మహిపాల్ మళ్ళీ కూర్చున్నాడు. చెయ్యి ఆగే చోటు వచ్చింది. స్వరూప నౌషాద్‌ను ఆపమని, ఇయర్‌ఫోన్లు తీసి సింధు చెవుల్లో పెట్టబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అయిదేండ్ల పిల్ల మోయవలసిన మాట కాదది. ఇయర్‌ఫోన్లు నేనే పెట్టుకున్నాను. నౌషాద్ సింధును ఎత్తుకుని, చాక్లెట్ కొనిస్త రా బేటీ అని బయటికి తీసుకుపోయాడు.

మహిపాల్ మాట్లాడుతున్నాడు. నేను స్వరూప ముందు కూర్చుని, అతను అన్నదంతా చేతులతో చెప్పాను. మిషను చెప్పాను. నా కుడిచేతి నాలుగు వేళ్ళూ మడిచి, బొటనవేలు ఒక్కటి ఉంచి చూపించాను. మానిందని, నొప్పి లేదని చెప్పాను. నీకు చెప్పవద్దన్నాడని చెప్పాను. వచ్చి ఏం మాట్లాడాలి దానితో, అన్న మాట దగ్గర నా చేతులు ఆగాయి. ఆమె ఆగనీయలేదు. గడ్డం ఎత్తి, కానియ్, అన్నది. అది కూడా చెప్పాను. చివరన, చెట్ల గురించి అడిగాడన్నది నా అబద్ధం, అని చెప్పాను.

ఆమె ఏడవలేదు. మడిచి ఉన్న నా నాలుగు వేళ్ళనూ పట్టుకుని ఒక్కొక్కటి విప్పింది. తెలుసు, అన్నది ఎడమచేత్తో. ఎప్పటి నుంచి అని అడిగితే తెర మీది బల్ల అంచు చూపింది.

ఆమిర్ తరువాతి వారం దుబాయికి తిరిగి పోతున్నాడు. జవాబు వీడియో ఆ రోజే తీయాలని స్వరూప అన్నది. సింధుతో తిరిగి వచ్చిన నౌషాద్ తన ఫోనును రెండు డబ్బాల మధ్య నిలబెట్టాడు. స్వరూప స్టూలు మీద కూర్చుంది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుంది. కావాలనే, కనపడేటట్టు. ఆమె మొగుడితో చెప్పుకున్నదంతా నేను రాయను. ఒక్కటి చెబుతాను. ఇల్లు అనవలసిన చోటు వచ్చినప్పుడు ఆమె ఎడమ అరచేతిని వాలుగా పెట్టింది. మహిపాల్‌లాగా దించేయలేదు. ఆ సగం కప్పును అట్లాగే గాలిలో నిలబెట్టి ఉంచింది. రెండో సగం తెచ్చి ఆనించవలసింది అవతలి మనిషి అన్నట్టు. నౌషాద్ ఫోను ఆడుతోందా ఆగిపోయిందా అని వంగి చూసేటంతసేపు అట్లాగే ఉంచింది.

ఆమె చెప్పడం అయింది. నౌషాద్ ఆపబోతూ నన్ను అడిగాడు.

"సౌండ్ ఉంచాల్నా కాక, తీసెయ్యాల్నా?"

నేను ఆ ప్రశ్నను బిడ్డకు చేరవేశాను. ఎడమచేత్తో. నాకు అది ఇంకా సరిగా రాదు, వేళ్ళు మొద్దుగా తిరిగాయి. ఆమె చూసి మొదటిసారి పళ్ళు కనపడేటట్టు నవ్వింది. తరువాత నడుముకు మోకు చుట్టి, నోటి ముందు వేళ్ళు విప్పింది. నువ్వు మాట్లాడు. సింధును తన మోకాళ్ళ ముందుకు లాక్కుని, నన్ను చూడమని ఆ పిల్ల గడ్డం తిప్పింది.

నేను ఫోను ముందుకు పోయి నిలబడ్డాను. బజారులో బస్సు హారను కొడుతోంది.

"చెప్పిన, అల్లుడా," అన్నాను.

పక్కన సింధు ఎడమచెయ్యి ఆ రెండు మాటలూ వాళ్ళమ్మకు చెబుతోంది.